అరువుకిచ్చిన కొడుకు

ఫోన్ మోగినప్పుడు లోరిస్ కాఫీలో బిస్కట్ ముంచుతున్నాడు. అవతల ఏజెంట్ గ్విదో ఏం చెప్పాడో గానీ, బిస్కట్ మెత్తబడి విరిగి కప్పులో మునిగిపోయినా అతను గమనించలేదు.

"కొనేశారు ఇలేనియా! నన్ను కొనేశారు. మూడేళ్ళకి. ఇక అరువు లేదు!"

ఇలేనియా చేతిలో చెంచా ఎగిరి సింకులో పడింది. పెళ్ళయి నలభై రోజులే. అతను నవ్వితే చాలు, ఆమెకి ఆ రోజంతా ఆదివారమే. అలాంటిది ఇవాళ అతను నవ్వుతూ ఏడుస్తున్నాడు.

లోరిస్ ఫుట్‌బాల్ డిఫెండర్. పద్దెనిమిదో ఏట సొంత ఊరు, ఇటలీ తీరంలోని కియోజా క్లబ్బులో సంతకం చేశాడు. ఆ క్లబ్బు అతన్ని వదులుకోనూ లేదు, సరిగా ఆడించనూ లేదు. ఏటా ఆగస్టులో ఎవరో ఒకరికి అరువుకిచ్చేది. జూన్‌లో అతను సంచీతో తిరిగొచ్చేవాడు. ఎనిమిది సీజన్లు, ఆరు ఊళ్ళు. ఇప్పుడు అరువుకి ఆడుతున్న క్లబ్బు రెండు గంటల దూరంలో, కొండల్లో ఉన్న మోంతెరివాది; కొనుక్కున్నదీ అదే. వారమంతా అతను అక్కడ క్లబ్బు ఇచ్చిన గదిలో, ఆమె ఇక్కడ అత్తగారింటి పై అంతస్తులో. ఈ శనివారం కోచ్ దయతలిచి పొద్దుటి పూట సెలవిచ్చాడు. సాయంత్రం ఐదింటికల్లా జట్టును చేరుకోవాలి.

"అక్కడ ఇల్లు తీసుకుంటాం కదూ? గోడకి మేకు కొట్టొచ్చు. ఎవర్నీ అడక్కుండా!"

"ఎన్ని కొడతావేంటి?"

"పదకొండు. జట్టుకి సరిపడా."

ఇద్దరూ మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ కిందికి దిగారు. వంటింట్లో నోర్మా సార్డీన్ చేపలు బాగుచేస్తోంది. కొడుకు మాట పూర్తిగా విని, "మంచిది" అంది. కత్తి కింద చేప తల ఒక్క వేటుకి తెగిపడింది.

"అంతేనా అత్తయ్యా? కనీసం బుగ్గ మీద ఓ ముద్దయినా పెట్టరా ఆయనకి?"

"చేతులు చేప కంపు, తల్లీ."

"ఏమైందమ్మా?" అన్నాడు లోరిస్.

"ఏమవుతుంది? అరువుకిచ్చిన గిన్నె సొట్టలు పడైనా తిరిగొస్తుందిరా. అమ్మేసిన గిన్నె రాదు."

లోరిస్ ముఖంలో నవ్వు పోయింది. "నేను గిన్నెనా? ఏటా జూన్‌లో వంతెన దాటి వస్తుంటే, 'ఏం లోరిస్, మళ్ళీ తిప్పి పంపారా' అని బార్లో అందరూ నవ్వేవాళ్ళు. అదెలా ఉంటుందో తెలుసా నీకు?"

"తెలుసు. కానీ నాకు ఆ రోజే పండగ. పొద్దున్నే నీ గది కిటికీలు తెరిచేదాన్ని."

"అంత ప్రేమే ఉంటే, ఒక్కసారైనా నా ఆటకొచ్చావా? ప్రతి ఊళ్ళోనూ నీకు టికెట్ తీసి ఉంచాను. ఆట మొదలయ్యే ముందు ఆ సీటు వైపు చూసేవాణ్ణి. ఎప్పుడూ ఖాళీయే."

ఇలేనియా తల దించుకుంది. పక్క సీటులో కూర్చున్నప్పుడల్లా ఆ చూపు ఆమె కూడా చూసింది. అది తన కోసం కాదని ఆమెకి తెలుసు.

నోర్మా కత్తి పక్కన పెట్టింది.

"వచ్చాను. ఒకే ఒక్కసారి. ఇక్కడ, నీ మొదటి ఆటకి. నీకు చెప్పకుండా గోల్ వెనక నిలబడ్డాను. బంతి నీ కాలికి తగిలి మన గోల్లోకే పోయింది. పక్కనున్నాయన 'ఎవరిదో పాడు దిష్టి' అన్నాడు. ఆ ఆగస్టులోనే నిన్ను పంపించేశారు." ఆమె చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. "నా కళ్ళే తగిలాయిరా. అందుకే ఆట ఉన్న ప్రతిసారీ రేడియో కూడా పెట్టకుండా, చర్చి పక్క సందులో ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తాను. అంతా అయ్యాక, పక్కింటి రోసానాని అడిగి తెలుసుకుంటాను."

లోరిస్ కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, ఆ తర్వాత ఇంకో నాలుగు సెల్ఫ్ గోల్స్ కొట్టాను."

"నాలుగా!"

"నాలుగు. ఒకటైతే తలతో, భలే అందంగా. అప్పుడు నువ్వెక్కడున్నావ్?"

"సందులోనే..."

"మరి నీ దిష్టి అంత దూరం బస్సెక్కి వచ్చిందా?"

"రోసానా ఒక్కటీ చెప్పలేదేం నాకు?"

"నేనే చెప్పొద్దన్నాను. నీకు నామోషీ అవుతుందని."

నోర్మాకి ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపు తన్నుకొచ్చింది. "అయితే ఎనిమిదేళ్ళు ఊరికే నడిచానట్రా? ఎదురుగా కూర్చుని నిన్ను చూడాల్సినదాన్ని!"

కొడుకు లేచి ఆమెను గుండెలకి హత్తుకున్నాడు. ఆమె చేప చేతులతోనే అతని ముఖం పట్టుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. అతని చెంపల మీద వెండి పొలుసులు అంటుకుని మెరుస్తుంటే, అంత అందమైన మొగుడు కియోజాలో ఇంకెవరికీ లేడనిపించింది ఇలేనియాకి.

"సీజన్‌లో చివరి ఆట రేపే కదా అత్తయ్యా, మోంతెరివాలో, మూడింటికి. పన్నెండుకి బయల్దేరదాం. కారు నేను నడుపుతా."

నోర్మా తన పాత ఏప్రన్ అంచుతో కళ్ళు ఒత్తుకుంది.

"పన్నెండు కాదు, పదింటికే బయల్దేరుతున్నాం. మైదానంలో గడ్డికి నీళ్ళు కొట్టే దగ్గర్నుంచీ చూస్తాను నేను."