పలకకూడని మలుపు

సీతాఫల్‌మండిలో పాత గోదాము గోడ పక్కన ఒక సందు మలుపుంది. చీకటి పడితే అక్కడ ఎవరూ ఆగరు. ఎప్పుడో గోడ కూలి ఒక ఆడమనిషి మట్టిలో ఉండిపోయిందట. కిందినుంచి తడుతుందట. పలికితే — లోపలికి గుంజుకుంటుందట.

ఆ మట్టిలో పోయిన మగవాళ్లూ ఉన్నారు. వాళ్లెవరూ దయ్యాలు కాలేదు. మన బస్తీల్లో ఆ ఉద్యోగం కూడా ఆడవాళ్లకే.

ఇది నాకు షెకీనా చెప్పింది. తిరుమలగిరి పిల్ల. కూలిన చోట్ల మనుషుల్ని బయటికి తీసే దళంలో పనిచేస్తుంది.

మొన్నటి వానల్లో ఆ మలుపులోనే డ్రైనేజీ పైపు కోసం నిలువెత్తుకు మించి కందకం తవ్వారు. పక్కలకు ఒక్క బల్ల ఆనించలేదు. పొద్దుగూకాక ఒక పక్క జారిపడింది. దళం వెళ్లేసరికి సూపర్‌వైజర్ హరికిషన్ ఎదురొచ్చాడు.

“ఇద్దరే మేడం. బస్తీవాళ్లే గుంజిన్రు. తెలివి తప్పిన్రని దవాఖానకు తోలిచ్చినం. ఇంక మీకేం పని లేదు.”

అడగకముందే చెప్పాడు. షెకీనాకు అదే నచ్చలేదు.

చప్పుడు వినపడాలని అక్కడి జనరేటర్ ఆపించింది. మట్టిలో సగం కూరుకుపోయిన పైపు మీద ఇనుప కడ్డీతో కొట్టింది.

“వద్దు బిడ్డా!” పక్కింటి విజయమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. “దాన్ని పిలవకు. గుంజుకుంటది.”

“గుంజుడు నా పని సుత గదా అవ్వా. చూద్దాం ఎవరు గెలుస్తరో.”

నిశ్శబ్దం...

టక్. టక్.

జనం వెనక్కి పరుగెత్తారు. హరికిషన్ మాత్రం కదల్లేదు. “దయ్యమని చెప్తనే ఉన్నరు గద మేడం... పోదాం పాండ్రి.”

ఆ గొంతులో భయం లేదు. భయం లేనివాడికి దయ్యంతో ఏం పని?

వెంటనే దూకి తవ్వాలని చేతులు లాగుతాయి. దూకితే రెండో పక్క కూడా మీద పడుతుంది. అందుకని రెండు వైపులా బల్లలు నిలబెట్టారు. మధ్యలో అడ్డంగా దుంగ పెట్టి, చివర చెక్క చీలలు కొట్టి బిగించారు. పైది బిగిశాకే దాని కిందిది. దుంగ దుంగకీ కిందినుంచి ఆ చప్పుడు పలచబడుతోంది... ఆగింది.

మట్టిలో ఒక చెయ్యి దొరికింది. వెచ్చగా ఉంది.

జాన్ బీ అనే కూలీ ఆమె. నోట్లో మట్టి తీస్తే దగ్గింది.

ఆమెను స్ట్రెచర్ మీద పైకి పంపి, నిచ్చెన మీదినుంచే షెకీనా అడిగింది. “ఇద్దరే అంటివి. ఈమె ఎవరు?”

హరికిషన్ నొచ్చుకున్నాడు. “అబద్ధం చెప్పలే మేడం. జోడీ లెక్క. మొగుడూ పెళ్లాం కలిస్తే ఒక్క మనిషే. గట్లనే అంటం మేం.”

కింద దళంలోని సుభాన్, పని అయిపోయిందని దుంగలు విప్పడానికి సుత్తి ఎత్తాడు.

షెకీనా ఆగిపోయింది. దవాఖానకు పోయింది ఇద్దరు మగవాళ్లు. పైకొచ్చిన ఆడమనిషి ఒక్కతే.

“జోడీలెన్ని?”

“చెప్పిన గద మేడం... రెండు.”

“సుభాన్! చీల మీద చెయ్యెయ్యకు!”

ఈసారి ఎవరూ పరుగెత్తలేదు. జనంలోంచి విజయమ్మ వచ్చి బురదలో చతికిలబడింది. కడ్డీ అందుకుని పైపు మీద కొట్టింది.

“పలుకు బిడ్డా,” అంది. “పలుకు...”