మెట్ల కింద గదిలో అడిగిన పేరు

నేను ఇంతవరకు ఏమీ రాయలేదు. ఐదో తరగతితో నా చదువు ఆగింది, ఆ తర్వాత చేతికి కత్తెర వచ్చింది. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. అందుకే దీన్ని కాగితం మీద పెడుతున్నాను... మా చెల్లెలు చెప్పింది చెప్పినట్టు.

మా వీధి చివర ఆడపిల్లల బడి ఉంది. దాని వెనకవైపు, మెట్ల కింద, విరిగిన బల్లలు పడేసే గది ఒకటి. ఆ గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు పోతే లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు వినిపిస్తుందంటారు. ఎప్పుడో ఒక పిల్లని తోటి పిల్లలు అందులోకి తోసి, రాత్రంతా గడియ పెట్టేశారు. ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. తర్వాత పోయిందన్నారు. పోయి, అక్కడే ఉంటోందన్నారు...

గడియ పెట్టింది మా చెల్లెలే.

అప్పట్నుంచి ఆ బడిలో ఒక పద్ధతి. ఆయమ్మ ఏ గది మూసినా ముందు తలుపు తట్టాలి. "లోపలెవరైనా ఉన్నారా?" అని అడగాలి. జవాబు రాకపోతేనే గడియ.

మొన్న చెల్లెలూ, తన పాత స్నేహితురాళ్ళంతా ఆ బడిలో కలుసుకున్నారు. చెల్లెలు ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉంది. తను వస్తే పదిమంది లేచి నిలబడతారు. ఆ రాత్రి ఒక స్నేహితురాలి ఇంట్లో పడుకుంటానని నాతో చెప్పి వెళ్ళింది.

భోజనాలయ్యాయి. నవ్వులూ వేళాకోళాలూ అయ్యాయి. ఆ స్నేహితురాలు చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్తుంటే, దాన్ని భయపెడదామని చెల్లెలు ముందే వెళ్ళి మెట్ల కింద గదిలో దూరింది. ఫోను ఆ పూట ఇంట్లోనే మరిచిపోయింది.

అడుగుల చప్పుడు...

టక్ టక్.

"లోపలెవరైనా ఉన్నారా?"

ఆయమ్మ! పలికితే ఆట చెడిపోతుందని చెల్లెలు నోరు మూసుకుంది.

గడియ పడింది.

నవ్వొచ్చిందట ముందు. తర్వాత తలుపు బాదింది, అరిచింది. ముందు హాల్లో పాటలు మోగుతున్నాయి. అవీ ఆగాయి. బళ్ళు కదిలిపోయాయి. చెల్లెలు మా ఇంటికి వెళ్ళిపోయిందని స్నేహితురాలు అనుకుంది. నేనేమో స్నేహితురాలి ఇంట్లో ఉందనుకున్నాను.

అప్పుడు... వెనక, బల్లల చాటు నుంచి—

"అరవకు. ఎవరూ రారు."

ఆనాడు తలుపు బయట నుంచి తను ఆ పిల్లతో అన్న మాటే అది.

"ఎ... ఎవరు?"

"నువ్వే చెప్పు."

"బల్లీ...?"

గోడకి అతుక్కుని నడుస్తుందని వీళ్ళు పెట్టిన పేరు.

"అది మీరు పెట్టింది. మా అమ్మ పెట్టింది చెప్పు. నా దగ్గర ఫోనుంది. చెప్పావంటే తలుపు తీయిస్తాను."

చెల్లెలు వెతుక్కుంది. ఆ పిల్ల ఏ బల్ల మీద కూర్చునేదో గుర్తుంది. జడ లాగితే ఎలా ఏడ్చేదో గుర్తుంది. పేరు... రాలేదు. తెలిసిన పేర్లన్నీ వరసగా అంది. ప్రతి పేరుకీ చీకట్లోంచి ఒకటే మాట.

"కాదు."

గొంతు పోయేదాకా అంది. చివరికి పేర్లు కూడా అయిపోయాయి.

తెల్లారాక ఆయమ్మ గడియ తీసింది. వెలుతురు పడింది. బల్లల మధ్య మామూలు ఆడమనిషి కూర్చుని ఉంది. కళ్ళజోడు, నెరిసిన జుట్టు, ముడతలు పడ్డ చీర.

"అయ్యో తల్లీ! మీరెప్పుడొచ్చారు ఇందులోకి?"

"రాత్రే ఆయమ్మా. ఒకసారి చూసి పోదామని వచ్చాను. ఈవిడ తర్వాత వచ్చింది."

"మరి నేను తలుపు తట్టినప్పుడు పలకొచ్చుగా?"

"ఈవిడ పలుకుతుందేమోనని చూశాను."

చేతిలో ఫోను ఎత్తి చూపించిందట. సాయంత్రమే ఛార్జింగ్ అయిపోయింది.

"నీ పేరేంటే?" అని అడిగింది చెల్లెలు.

"ఇప్పుడెందుకులే," అని కళ్ళజోడు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఇదంతా చెల్లెలు నాకు సరుకుల చిట్టా చదివినట్టు చెప్పింది. ఏడవలేదు. అన్నం ముందు పెడితే కంచం వైపు చూస్తూ కూర్చుంది.

"అక్కా, నీకు తెలుసా దాని పేరు?"

తెలుసు. ఆ పిల్ల గుండీలు ఊడిన బడి చొక్కా పట్టుకుని, కుట్టించుకోడానికి నా దగ్గరికి వచ్చేది. పోయిందని వీధంతా అనుకుంది గానీ, వాళ్ళమ్మ ఇప్పటికీ నా దగ్గరే బట్టలు కుట్టించుకుంటుంది, కూతురు ఈమధ్యే తన దగ్గరికి వచ్చిందనీ చెప్పింది. నన్నెవరూ అడగలేదు.

"పడుకోవే," అన్నాను.

పడుకోలేదు. పక్క గదిలో రాత్రంతా ఒక్కో పేరూ అనుకుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే లేచి, చెల్లెలి చెప్పులు గుమ్మం ముందు పెట్టి, ఆ పిల్ల వాళ్ళమ్మ ఇంటికి ఎలా వెళ్ళాలో చెప్పాను. మందుల షాపు దాటాక రెండో సందు, నీలం గేటు.

"పేరు చెప్పక్కా."

"వెళ్ళి దాన్నే అడుగు," అన్నాను.