నడవలో సందులు

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టిందేగాని, మేస్త్రమ్మ చెవులు మాత్రం నడవలోనే ఉన్నాయి. నాన్న గది తలుపు కిర్రుమంది. చేతికర్ర టక్కుమంది. తర్వాత ఒక అడుగు. మళ్ళీ టక్కు, మళ్ళీ అడుగు. ఆ చప్పుడు స్నానాలగది దాకా చేరేవరకూ ఆమెకు ఊపిరాడదు. ఈలోగా పాలు పొంగి పొయ్యి పాలవడం ఆ ఇంట్లో మామూలే.

ఆవిడ అసలు పేరు ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు. చిన్నప్పుడు గోడగడియారం విప్పి మళ్ళీ బిగిస్తే రెండు మరలు మిగిలిపోయాయి. అయినా గడియారం నడిచింది. నాన్న మురిసిపోయి "మేస్త్రమ్మా!" అన్నాడు, అదే ఖాయమైపోయింది. ఇప్పుడు బట్టలు సరిచేసే దుకాణంలో పని. వదులైనవి బిగించడం, విడిపోయిన కుట్లు కలపడం. రెండు అంచుల మధ్య ఖాళీ కనబడితే ఆవిడ చెయ్యి ఊరుకోదు.

నాన్న ఒకప్పుడు బస్సు నడిపాడు. ఊరంతటినీ మోసిన మనిషికి ఇప్పుడు తన ఒళ్ళు తనకే బరువైంది. వణుకు జబ్బు. చెయ్యి వణికితే పోనీలే అనుకోవచ్చు, కాలు కదలకపోవడమే ఘోరం. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి నిలబడిపోతాడు. ఎంత గింజుకున్నా అడుగు పడదు. అయినా స్నానాలగదికి మాత్రం ఎవర్నీ వెంట రానివ్వడు. "అన్నీ మీరే చేస్తున్నారు, ఆ ఒక్కటీ నన్ను చేసుకోనివ్వండి" అంటాడు. ఆ మాట అనేటప్పుడు కూతురి మొహం చూడడు.

ఆ రోజు పాలగిన్నె తుడుస్తుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు పక్క ఊళ్ళో బ్యాంకులో మేనేజరు.

"అక్కా, మొన్న వచ్చినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. నీ ఇంటి నేల చూశావా అసలు? ఆ చెక్క పలకల మధ్య సందులేంటి? నాన్న ఒక్కో సందు దగ్గరా కాలెత్తి దాటుతున్నాడు. ఏదో ఒక రోజు తట్టుకుని పడతాడు. తుంటి విరిగితే ఇక మంచమే."

"బాగు చేయిస్తాలేరా."

"ఎప్పటి నుంచో ఇదే మాట! చూడు, నేను పెద్దవాళ్ళ హోమ్‌లో గది మాట్లాడి పెట్టాను. ఆదివారం వస్తాను. ఇల్లు నాన్నకు సురక్షితంగా ఉంటే సరే. లేదంటే తీసుకెళ్ళిపోతాను. నన్ను తిట్టుకున్నా సరే."

మేస్త్రమ్మకు ఒళ్ళు మండింది. వాడికేం, ఆదివారం చుట్టం. కానీ వాడన్నదాంట్లో అబద్ధం లేదు. నాన్న తల వంచుకుని నేలనే చూస్తూ, ఒక్కో సందు దగ్గరా కాలు పైకెత్తి దాటడం ఆమె కూడా చూస్తూనే ఉంది.

అది కింద సిమెంటుకు అతికించిన నేల కాదు. పలకల అంచుల్లో గాడులుంటాయి. ఒకదాన్లో ఒకటి బిగించి, చాప పరిచినట్టు ఊరికే పరిచేస్తారు. ఆ ఏడు చలి ముదిరి గాలి ఎండిపోయేసరికి పలకలు కుంచించుకుపోయాయి. నడవ పొడుగునా పలకల కొసలు విడిపోయి, నాణెం నిలబెడితే నిలబడేంత సందులు పడ్డాయి. నేలలు పరిచేవాణ్ణి పిలిస్తే, వాడు వంగనైనా వంగకుండా "మొత్తం పీకి మళ్ళీ వేయాలమ్మా" అని ఒక అంకె చెప్పి వెళ్ళిపోయాడు. ఆ అంకె విని భార్యాభర్తలిద్దరూ కాసేపు టీవీ వంక చూస్తూ కూర్చున్నారు. టీవీ పెట్టి లేదు.

"మనమే చేద్దామండీ, నేను వీడియోలు చూశాను" అంది మేస్త్రమ్మ.

మొగుడు లిఫ్టుల మెకానిక్కు. "చెయ్యి. మరలు మిగిలితే నాకివ్వు, లిఫ్టుకి వాడతాను" అన్నాడు. అన్నాడేగాని, సాయంత్రానికి రబ్బరు సుత్తి, రెండువైపులా అంటుకునే గట్టి టేపు, అరచేతిలో పట్టేంత చెక్కదిమ్మ తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి మోకాళ్ళ మీద కూలబడింది. ముందు పాత పళ్ళబ్రష్షుతో సందుల్లో మట్టి తీసింది. గోడవారన ఉన్న పట్టీ ఊడదీసింది. దిమ్మకు టేపు అంటించి, దాన్ని పలక మీద గట్టిగా అదిమి, పక్కనుంచి సుత్తితో కొట్టింది. ఒకటి, రెండు, మూడు. పలక చీమంత కదిలింది. ఇంకో నాలుగు దెబ్బలకు పక్కదాన్ని ముద్దుపెట్టుకుంది. సందు పోయింది! పోయిందంటే ఎక్కడికీ పోలేదు, పలక వెనక్కి చేరింది. దాన్నీ అలాగే తోసింది. అలా సందుల్ని ఒక్కొక్కటే తోసుకుంటూ తోసుకుంటూ గోడ దాకా తీసుకెళ్ళింది. గాడుల్లో కాస్త జిగురు వేసింది. చివరికి మిగిలిన ఖాళీ గోడపట్టీ కింద దాక్కుంది.

నాన్న కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఆ జబ్బుతో గొంతు కూడా సన్నబడిపోయింది.

"ఎందుకమ్మా ఈ శ్రమ? ఉండనీ. పర్లేదు."

"పర్లేదేంటి నాన్నా! ఉండనిస్తే వాడొచ్చి నిన్ను హోమ్‌కి తీసుకెళ్ళిపోతాడు. వెళ్తావా?"

ఆయన పెదవులు కదిలాయి. మాట రాలేదు. సుత్తి చప్పుడులో ఆమె దాన్ని పట్టించుకోలేదు కూడా.

సాయంత్రానికి నడవ ఇస్త్రీ చేసిన బట్టలా ఉంది. చెయ్యి పెట్టి ఈ కొసనుంచి ఆ కొసకి నిమిరితే గోరు కూడా తగల్లేదు. మేస్త్రమ్మ నడుం పట్టుకుని లేచి, ఆ రాత్రి చాలాకాలం తర్వాత హాయిగా నిద్రపోయింది.

పొద్దున్న నాన్న గది తలుపు కిర్రుమంది. కర్ర టక్కుమంది. తర్వాత ఏమీ వినబడలేదు.

పరిగెత్తుకెళ్ళి చూస్తే, నాన్న గుమ్మం దాటి నిలబడిపోయి ఉన్నాడు. కళ్ళు నేలమీద అటూ ఇటూ వెతుకుతున్నాయి. మోకాళ్ళు వణుకుతున్నాయిగాని పాదం లేవడం లేదు. మొగుడొచ్చి చంకలో చెయ్యేసి దాదాపు మోసుకెళ్ళాడు. అతను స్నానాలగది బయటే నిలబడబోతే నాన్న సిగ్గుతో కళ్ళు మూసుకున్నాడు.

మధ్యాహ్నమూ అంతే, సాయంత్రమూ అంతే. చిత్రమేమిటంటే, పట్టుకుని వంటింట్లోకి తెచ్చి వదిలితే అక్కడ తనంతట తాను నడిచి వెళ్ళి బల్ల దగ్గర కూర్చునేవాడు. మళ్ళీ నడవలోకొస్తే బొమ్మే. ఇది చూసి మేస్త్రమ్మ మనసులో పురుగు దొలవడం మొదలెట్టింది. వంటింట్లో నడిచే కాళ్ళకు నడవలో ఏం రోగం? వద్దన్నా వినకుండా చేశానని కోపమా? లేక కొడుకు దగ్గరికి పోవాలనుందా?

శనివారం దుకాణం నుంచి వచ్చేసరికి నాన్న నడవ మధ్యలో ఉన్నాడు. పైజమా తడిసిపోయి ఉంది. కొత్తగా బిగించిన పలకల మీద మడుగు. ఎంతసేపటి నుంచి అలా నిలబడి ఉన్నాడో ఏమో.

పగలంతా దుకాణంలో నిలబడి వచ్చిన ఒళ్ళు. రేపు తమ్ముడొస్తున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంటి నాన్నా ఇది? నాలుగడుగులు వేయలేవా? వంటింట్లో చక్కగా నడుస్తావు, ఇక్కడికొచ్చేసరికి మొండికేస్తావు! నా మీద కక్షా? వెళ్ళిపోవాలనుంటే వెళ్ళిపోతానని చెప్పు, ఇలా సాధించకు!"

ఆయన వణికే చేత్తో పైజమా ముందు భాగాన్ని కప్పుకోవాలని చూశాడు, అంతే. ఆమె ఆయన్ని కడిగి, బట్టలు మార్చి, నేల తుడిచింది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం అరుపులకంటే పాపిష్టిదని ఆమెకూ తెలుసు.

ఆదివారం పొద్దున్నే తమ్ముడు దిగాడు. లోపలికి రాగానే నేల వంక చూసి ఆశ్చర్యపోయాడు.

"అక్కా! నువ్వే చేశావా? అద్దంలా ఉందే!"

ఆమె నవ్వబోయింది. అంతలో నాన్న గది తలుపు కిర్రుమంది. మొగుడితో సహా ముగ్గురూ అటు తిరిగారు. నాన్న గుమ్మంలోకి వచ్చాడు. కొడుకుని చూశాడు. స్నానాలగది వైపు చూశాడు. నేలను చూశాడు. అక్కడే ఆగిపోయాడు.

"రా నాన్నా" అంది మేస్త్రమ్మ. గొంతులో బతిమాలడం ఉంది, బెదిరింపూ ఉంది.

రాలేదు. నుదురు మీద చెమట పట్టింది.

తమ్ముడి మొహం వాడిపోయింది. "ఎప్పటినుంచిలా?"

"నిన్నా మొన్నా…"

"పదిరోజుల కిందట నడిచిన మనిషి అక్కా! నాకెందుకు చెప్పలేదు? నీ నడుం సంగతి చూసుకో, బావగారు లేనప్పుడు ఎలా ఎత్తుతావు? దయచేసి బట్టలు సర్దు. అక్కడ ఎత్తేవాళ్ళుంటారు, కడిగేవాళ్ళుంటారు…"

"కడగడానికి నేను చచ్చానా? నాలుగు డబ్బులు పడేసి చేతులు దులుపుకుందామనేగా నీకు?"

"అవును, నేనే దుర్మార్గుణ్ణి! నువ్వు చూసుకుంటున్నావుగా, మరి నాన్న మొహం చూశావా? అది చూసుకునేవాళ్ళింట్లో ఉండే మొహమేనా?"

మెకానిక్కు మధ్యలోకి వచ్చి, "మీ ఇద్దరూ తర్వాత కొట్టుకోండి. ముందు ఆయన పని చూడండి, పాపం అర్జంటుగా ఉన్నట్టుంది" అన్నాడు. తమ్ముడు నాన్నను ఎత్తుకోవడానికి చేతులు చాచాడు. నాన్న కంగారుగా వెనక్కి జరగబోయాడు. కర్ర చేతిలోంచి జారి, పలకల మీద పడి దొర్లి, పాదాల ముందు అడ్డంగా ఆగింది.

మేస్త్రమ్మ చటుక్కున వంగింది.

"తియ్యొద్దు" అన్నాడు నాన్న.

అంత గట్టి మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో! ఆమె వంగినదల్లా అలాగే ఉండిపోయింది. నాన్న కర్ర వంక చూశాడు. కుడికాలు లేచింది. కర్రను దాటి అవతల పడింది. ఎడమకాలూ దాటింది. ఇంకో అడుగు వేశాడు. ముందు ఖాళీ నేల ఉంది. ఆగిపోయాడు.

మేస్త్రమ్మకు ఒక్కసారిగా వంటింటి నేల కళ్ళముందు మెదిలింది. అక్కడన్నీ గళ్ళ గళ్ళ పలకలు, గీత తర్వాత గీత. ఆమె కర్ర తీసి ఆయన పాదాల ముందు మళ్ళీ అడ్డంగా పెట్టింది. దాటాడు. తమ్ముడికేమీ అర్థం కాలేదు. ఆమె వాడి నడుం బెల్టు వైపు చెయ్యి చూపించి, "ఇవ్వు, త్వరగా!" అంది. బెల్టు పరిచింది. దాటాడు. మొగుడి పనిసంచీలోంచి కొలతటేపు లాగి పరిచింది. దాటాడు.

"నాన్నా," అంది వంగినచోటి నుంచే తలెత్తి, "ఆ సందులు… వాటికి భయపడి కాదు కదూ కాళ్ళెత్తింది?"

నాన్న గోడకు చెయ్యి ఆనించుకున్నాడు. ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకున్నాడు.

"గీత కనబడితే కాలు లేస్తుంది తల్లీ. ఎందుకో తెలీదు. వాటిని చూసుకునే నడుస్తున్నా."

"మరి చెప్పొచ్చుగా! నేను సుత్తి పట్టుకున్నప్పుడైనా చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? గీత లేకపోతే నడవలేనని చెప్తే, తమ్ముడు ఆ రోజే కారెక్కిస్తాడు." కొడుకు వంక భయంగా చూశాడు. "నువ్వేమో నన్ను ఉంచుకోడానికే మోకాళ్ళ మీద పాకుతున్నావు. ఎట్లా వద్దనను?"

ఆమె నేలమీదే కూలబడిపోయింది. నిన్న అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చి గుండెలో గుచ్చుకున్నాయి. సాధించకు అంది. కక్షా అంది. తడిసిన బట్టలతో నిలబెట్టి మరీ అంది. ఆయన నడకను తన చేతులతో తానే, సుత్తి పెట్టి కొట్టి, గోడపట్టీ కింద దాచేసింది. నాన్న పాదాలు రెండూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"నన్ను క్షమించు నాన్నా. చేతులు పడిపోను, ఎంతపని చేశాను!"

"ఊరుకో తల్లీ. పని మాత్రం శుభ్రంగా చేశావు" అన్నాడాయన. ఏడుపులోంచే ఆమెకు నవ్వొచ్చింది, మళ్ళీ ఏడుపు ముంచుకొచ్చింది.

తమ్ముడు మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. కాసేపటికి బావగారి సంచీలోంచి నల్లటేపు చుట్ట తీసి, ఖరీదైన ప్యాంటుతోనే నేలమీద కూర్చున్నాడు. "ఎంత దూరంలో వేయను నాన్నా? ఇక్కడా? ఇంకాస్త దగ్గరగానా?" నాన్న కర్రతో చూపించాడు. వాడు పళ్ళతో టేపు కొరికి అంటించాడు. వాడు అంటించినవన్నీ వంకరే. మేస్త్రమ్మ ఒక్కదాన్నీ సరిచేయలేదు.

"అక్కా, ఇవీ ఎన్నాళ్ళో పనిచేయవు. జబ్బు ముదురుతుందని డాక్టరు చెప్పాడుగా" అన్నాడు వాడు గొంతు తగ్గించి.

"తెలుసురా."

"అప్పుడు?"

"అప్పుడు ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం. నాన్ననూ అడుగుదాం. మనం ఇంతవరకూ ఆయన్ని ఒక్క మాట అడగలేదురా."

వాడు తలూపి, ఫోన్ తీసి గది వద్దని చెప్పడానికి బయటికి వెళ్ళబోయి, ఆగాడు. నాన్న కదిలాడు. తల వంచుకుని, నల్లగీత తర్వాత నల్లగీత దాటుకుంటూ, ఊగుతూ తూలుతూ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా స్నానాలగది దాకా వెళ్ళాడు. మెకానిక్కు అలవాటు కొద్దీ వెనకే వెళ్ళబోతే, ఆయన తిరిగి చూశాడు.

"మీరక్కడే ఉండండి" అన్నాడు.

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆ మూసిన తలుపు వంక చూస్తూ, నేలమీద పక్కపక్కనే కూర్చుని ఏడ్చారు.