మేడ మీదికి వెళ్ళిన పులుసు

పొద్దున్నే ఎండు నెత్తళ్ళు వేగుతున్న వాసన వంటింట్లోంచి బయల్దేరి, ముందుగదిలో పేపరు చదువుకుంటున్న అప్పలసూరి దగ్గరికొచ్చి ఆగింది. ఆ వాసన తగిలాక అతనికి అక్షరాలు కంటికి ఆనలేదు. పేపరు మడిచి పక్కన పడేశాడు.

"ఏటే పోలీ, నెత్తళ్ళేనా?" అని కేకేశాడు, తెలిసీ.

"అవును మావా. వంకాయలో ఏస్తున్నాను. మురళీబాబు ఇయ్యాల బేగి ఎల్లిపోవాలన్నాడు," అంది పోలమ్మ లోపల్నుంచి.

మురళీబాబు పేరు వినగానే అప్పలసూరికి ఒళ్ళు మండింది. విజయనగరం దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి, భిలాయి ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఒవెన్ల మంటల ముందు జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి అతను. అంత వేడికీ మండనిది ఈ పేరుకి మండుతోంది.

రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో భిలాయిలోనే, రిసాలిలో రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. కూతురు రోహిణిని భిలాయి-3లో రైల్వే ఉద్యోగికిచ్చి పెళ్ళి చేశాడు. ఇక కాలు మీద కాలేసుకుని పోలమ్మ చేతి వంట తింటూ కూర్చోవచ్చనుకునే వేళకి కిడ్నీలు మొరాయించాయి. ఉప్పు వద్దన్నాడు డాక్టరు. చింతపండు, పచ్చళ్ళు, ఎండు చేపలు అసలే వద్దన్నాడు. కూరగాయలు కూడా ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి తినమన్నాడు. అప్పటినుంచి రెండేళ్ళుగా అప్పలసూరిది చప్పిడి కూడు.

దాన్నీ ఎలాగో భరించేవాడే. కానీ నిరుడు మేడ మీది వాటాలోకి మురళీధర్ దిగాడు. ప్లాంటులో మరమ్మతు పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీరు. నలభై అయిదు దాటిన మనిషి. భార్యకి విశాఖపట్నంలో టీచరుద్యోగం, పిల్లలు అక్కడే చదువుకుంటున్నారు. దిగిన వారానికే పోలమ్మని "అక్కా" అన్నాడు. ఆ వరసన అప్పలసూరి "బావగారు" అయిపోయాడు. ఒంటరిగా హోటల్లో తింటున్నాడని జాలిపడి, పోలమ్మ మొదట ఒక గిన్నెడు పులుసు పంపింది. తర్వాత అదే రివాజైపోయింది.

తొమ్మిదింటికి అప్పలసూరి ముందు కంచం వచ్చింది. మెత్తగా ఉడికిన సొరకాయ ముక్కలు, పైన కాస్త జీలకర్ర పోపు, అన్నం. కంచం పెట్టి, పోలమ్మ మూత పెట్టిన స్టీలు గిన్నె పట్టుకుని మెట్లెక్కింది. అప్పలసూరి ముద్ద కలపకుండా చెవులు రిక్కించాడు.

"ఎలాగుంది బాబూ? ఉప్పు సరిపోయిందా?"

"బావుందక్కా. చాలా బావుంది."

"పులుపో?"

"అదీ బావుంది."

పోలమ్మ మెట్లు దిగొస్తుంటే ఆమె మొహంలో వెలుగు చూశాడు. ఆ వెలుగు ఒకప్పుడు తనది. పెళ్ళైన కొత్తలో షిఫ్టు నుంచి ఖాళీ క్యారేజీ ఊపుకుంటూ ఇంటికొచ్చినప్పుడు, గుమ్మంలోనే నిలబెట్టి "ఎలాగుంది మావా?" అని అడిగేది. అతను వేళ్ళు వాసన చూపించేవాడు. సబ్బుతో కడిగినా పోని వాసన.

"నన్ను మాత్రం ఎలాగుందని అడగవేటి?" అన్నాడు ఉక్రోషంగా.

"అందులో ఉప్పే లేదు కదా మావా, ఏటడగను?" అంటూ నవ్వి, ఆమె తన కంచం తెచ్చుకుని అలవాటుగా అతని వెనక వంటింటి గడప మీద కూర్చుంది. అప్పలసూరి టీవీ వైపు తిరిగి, సొరకాయని మందులా మింగాడు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర, తనతోపాటు పనిచేసి రిటైరైన నూకరాజు కలిశాడు.

"మీ మేడ మీదాయన అదృష్టవంతుడురా సూరీ. మొన్న బస్సులో కలిసాడు. పనసపొట్టు ఆవ పెట్టి చేసిందటగా మీ యావిడ? దారంతా అదే మాట, యార్! నాకే నోరూరిపోయింది."

అప్పలసూరి టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. పనసపొట్టు కూర వాసన రాలేదే ఇంట్లో! ఆలోచిస్తే గుర్తొచ్చింది. మొన్న తను రక్త పరీక్షకి ఆస్పత్రికెళ్ళాడు, మధ్యాహ్నం దాకా లైన్లో ఉన్నాడు. అంటే తను లేని వేళ చూసి వండిందన్నమాట. వండి, కిటికీలు తెరిచి, వాసన పోగొట్టి, ఏమీ ఎరగనట్టు తనకి బీరకాయ పెట్టింది. ఎంత దగా! వాళ్ళిద్దరూ ఎంచక్కా తింటున్నారు. ఈ ఇంట్లో గడ్డి తినేది తనొక్కడే.

ఆదివారం పొద్దున్న పోలమ్మ సంచీ చేతికిచ్చింది. "పవర్ హౌస్ బజారు దాకా ఎల్లి మంచి రవ్వ చేప తేవా మావా? మురళీబాబుకి సెలవు."

ఇంకొకడి కంచంలోకి చేప తనే మోసుకురావాలి! అయినా వెళ్ళాడు. ఆటోలో వెళ్ళి, బజారంతా తిరిగి, మొప్పలెత్తి ఎర్రగా ఉన్నాయో లేదో చూసి మరీ కొన్నాడు. చెయ్యి అలవాటు మానలేదు. తిరిగొస్తుంటే తడి సంచీ ఒళ్ళో పెట్టుకుని, తనమీద తనకే అసహ్యం వేసింది.

పదకొండింటికి పులుసు ఉడికింది. చింతపండు, మెంతులు, ఉల్లిముద్ద, చివర్లో వేసిన కరివేపాకు అన్నీ కలిసిన ఆ వాసన ఇల్లంతా నిండి గేటు దాకా వెళ్ళింది. పోలమ్మ తలకాయ ముక్క ఏరి, జాగ్రత్తగా గిన్నెలో వేసింది. తలకాయ ముక్క! ముప్ఫై ఏళ్ళపాటు అది అప్పలసూరి కంచంలో తప్ప ఎక్కడా పడలేదు.

"దించు," అన్నాడతను వంటింటి గుమ్మంలో నిలబడి.

"ఏటి మావా?"

"గిన్నె కిందెట్టమన్నాను. ఈ ఇంట్లో మొగుడెవడే? నానా, ఆడా? నాకేమో నీళ్ళొంపిన ఆనపకాయ, ఆడికేమో తలకాయ ముక్క! నాను ఆస్పత్రి లైన్లో చస్తుంటే, ఇక్కడ పనసపొట్టు ఒండి పెడతావా? కిటికీలు తెరిసేస్తే నాకు తెల్దనుకున్నావా?"

"నీకు వాసన తగిలితే పేణం లాగుతాదని అలా చేసాను మావా."

"నా మీద అంత జాలుంటే అసలొండకూడదు. ఆడేటి నీకు? ఏటవుతాడు?"

పోలమ్మ చూపు అతని భుజం మీదుగా వెనక్కి వెళ్ళింది. అప్పలసూరి తిరిగి చూశాడు. నిన్నటి గిన్నె కడిగి తిరిగివ్వడానికి దిగొచ్చిన మురళీధర్, చివరి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది. గిన్నె చప్పుడు కాకుండా కింద పెట్టి, "క్షమించండి బావగారూ. రేపట్నుంచి మెస్‌లో తింటాను," అని పైకి వెళ్ళిపోయాడు.

పోలమ్మ స్టవ్వు కట్టేసింది. ఆ పులుసు ఎవరూ తినలేదు. సాయంత్రం పక్కింటివాళ్ళకిచ్చేసింది.

ఆ తర్వాత ఇంట్లో ఏ వాసనా లేదు. అప్పలసూరి కోరుకున్నదే జరిగింది. పోలమ్మ పొద్దున్న ఒక కూర ఉడికించేది, నీళ్ళు ఒంపేది, మళ్ళీ రాత్రికి స్టవ్వు దగ్గరికి వెళ్ళేది. మిగతా వేళంతా గోడవైపు తిరిగి పడుకునేది. అడిగినదానికి తప్ప మాట్లాడేది కాదు. గెలిచానని రెండు రోజులు అనుకున్నాడు అప్పలసూరి. మూడోనాటికి ఆ ఇంట్లో కూర్చోవడం కష్టమైపోయింది.

వారం తిరక్కుండానే మురళీధర్ సామాను కిందికి దించి, తాళాలు పట్టుకుని వచ్చాడు. ప్లాంటు టౌన్‌షిప్ సెక్టార్లలో ఎవరింట్లోనో గది దొరికిందట. పోలమ్మ కూరగాయలకి వెళ్ళింది. ఇంట్లో మగవాళ్ళిద్దరే ఉన్నారు.

"వెళ్ళేముందు ఒక్క మాట చెప్పాలి బావగారూ," అన్నాడు మురళీధర్ నిలబడే. "అక్క వంట మీరనుకున్నంత గొప్పగా ఏమీ ఉండేది కాదు."

అప్పలసూరి కుర్చీలోంచి లేచాడు. "ఏటీ? ఏడాదిపాటు మెక్కి, మా పోలమ్మ వంటకి వంకలెడతావా? దాని చేతి పులుసుకి కోక్ ఒవెన్లలో మలయాళీలు, బెంగాలీలు కూడా లైన్ కట్టీవోరు, తెలుసా?"

"వంక పెట్టడం లేదు. ఒకరోజు ఉప్పు చేదెక్కిపోయేది. ఒకరోజు అసలుండేది కాదు. పులుసులో నీళ్ళు కలుపుకుని తిన్న రోజులున్నాయి. పనసపొట్టు కూర మాత్రం అద్భుతంగా కుదిరింది, అందుకే నూకరాజుగారితో అంతగా చెప్పాను."

"నోర్ముయ్! దాని చెయ్యి అలా తప్పదు."

"రుచి చూడకుండా వండితే ఎవరి చెయ్యయినా తప్పుతుంది కదండీ."

"రుచి చూడకపోడమేటి?"

"మీకు చెప్పొద్దంది అక్క. ఒకరోజు, 'మీరూ ఓ ముక్క వేసుకోండక్కా, ఉప్పు తెలుస్తుంది' అన్నాను. 'నాను ముట్టను బాబూ. ఆయనకేది పెడితే అదే నా తిండి,' అంది. రెండేళ్ళయిందట నాలిక మీద ఉప్పు వేసుకుని. అందుకే రోజూ నన్నడిగేది. బావుందనకపోతే ఆవిడ వండడం మానేస్తుందని భయం వేసి, బావుందనేవాణ్ణి."

అప్పలసూరి వంటింటి గడప వైపు చూశాడు. రెండేళ్ళుగా పోలమ్మ తన వెనక గడప మీద కూర్చుని అన్నం తింటోంది. తను టీవీ చూశాడు, తన కంచం చూసుకుని ఏడ్చాడు, మేడ మీదికెళ్ళే గిన్నె మీది మూత చూసి కుళ్ళిపోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి ఆమె కంచంలోకి చూడలేదు.

"తాళాలు పట్టుకెల్లు. సామాను పైకెట్టు," అన్నాడు చివరికి. "నాను పోలమ్మతో మాటాడాలి."

పోలమ్మ సంచీతో వచ్చేసరికి అతను వంటింట్లో గడప మీద, ఆమె కూర్చునే చోట కూర్చుని ఉన్నాడు. నేరుగా అడిగాడు. ఆమె సంచీ దించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"మరేటి చెయ్యమంటావు? నువ్వు చప్పిడి కూడు మింగలేక మింగుతుంటే, నీ పక్కన కూకుని నాను పులుసు జుర్రుకోనా?"

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఒప్పుకుంటావా? నువ్వు తిను, నాకొద్దంటావు. నువ్వొక్కడివీ ఆ కంచం ముందర మిగిలిపోతావు. అది నాకిష్టం లేదు."

"అలాగైతే ఆయనకెందుకు ఒండేవు?"

పోలమ్మ సంచీలోంచి వంకాయలు తీసి, ఒక్కొక్కటే నేల మీద పెట్టింది. "ఒండకపోతే చెయ్యి మర్చిపోద్ది మావా. నీకు నెమ్మదించాక మళ్ళీ ఒండాలి కదా. అప్పుడు నువ్వు ముద్దెట్టుకుని మొహం చిట్లిస్తే నాను తట్టుకోలేను."

అప్పలసూరి తల దించుకున్నాడు. "ఇది నెమ్మదించేది కాదే పోలీ. డాక్టరు మొదటిరోజే నాతో చెప్పాడు. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

"నాకు తెలుసు. ఆ డాక్టరు చెప్తున్నప్పుడు నాను పక్కనే ఉన్నాను కదా. ఆయన హిందీ నాకు తెలీదనుకున్నావేటి? నీకన్నా నాకే బాగొచ్చు."

"తెలిసీ ఎందుకే?"

"తెలిస్తే మాత్రం ఆశ పోద్దేటి?" అంది పోలమ్మ. ఇన్నాళ్ళూ గోడవైపు తిరిగి దాచుకున్న ఏడుపంతా అప్పుడు బయటపడింది. అప్పలసూరి ఆమె తల తన భుజానికి ఆనించుకున్నాడు. తనకీ కన్నీళ్ళు ఆగలేదు. తన ఆకలొక్కటే ఆకలి అనుకుని ఈ మనిషిని పరాయివాడి ముందు ఎంత మాట అన్నాడు!

మర్నాడు ఆదివారం. పోలమ్మ అడక్కుండానే అప్పలసూరి పవర్ హౌస్ వెళ్ళి చేప తెచ్చాడు. పులుసు ఉడుకుతుండగా స్టవ్వు పక్కన నిలబడి, "రుచి చూడు," అన్నాడు. పోలమ్మ వద్దంది. అతను గరిటెతో కాస్త తీసి, ఊది, ఆమె అరచేతిలో వేశాడు. ఆమె నాలికతో అద్దుకుని ఉలిక్కిపడింది.

"ఓలమ్మో, ఇంతుప్పా!" అని మెట్ల దగ్గరికి పరిగెత్తింది. "మురళీబాబూ, ఏడాదిపాటు ఇదా నువ్వు తిన్నది! నోరెందుకు మూసుకున్నావు నాయనా?"

పైనుంచి మురళీధర్ నవ్వు వినిపించింది. "బావగారు కొడతారని అక్కా!"

నీళ్ళు పోసి, పులుపు సరిచేసి, మళ్ళీ రుచి చూసి అప్పుడు దించింది. పైకి గిన్నె వెళ్ళాక అప్పలసూరి రెండు కంచాలు ఎదురెదురుగా పెట్టాడు. ఆమె కంచంలో వేడన్నం వేసి, తలకాయ ముక్క తనే వడ్డించాడు. తన కంచంలో ఎప్పటి బీరకాయే. పోలమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి, అతను చూస్తున్నాడని గుర్తొచ్చి, కంచం పక్కకి లాక్కోబోయింది.

"నీకు కుళ్ళుగా లేదా మావా?"

"ఎందుకుండదు? శానా ఉంది," అన్నాడు అప్పలసూరి, ఆమె కంచం అంచు పట్టుకుని ఆపుతూ. "ఇంకా ఇటు జరుగు. వాసన నాక్కూడా రావాలి."

పోలమ్మ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా జరిగింది. అతను చప్పిడి ముద్ద కలిపాడు. ఆమె తింటున్నంతసేపూ ఆమె కంచంలోకే చూస్తూ, నెమ్మదిగా, మిగల్చకుండా తిన్నాడు.