ఆపరేషన్ తోడల్లుడు

చీఫ్ బల్ల మీద మూడు లాప్‌టాప్‌లు పొట్టలు కోసి పడేసి ఉన్నాయి. పక్కనే అడాప్టర్లు తగిలించిన వాటి ఛార్జర్లు.

"పోస్ట్‌మార్టం పూర్తయింది. కూర్చో, పిచ్చుకా," అన్నాడు చీఫ్.

పిచ్చుక కూర్చున్నాడు. సీక్రెట్ సర్వీస్‌లో అది అతని కోడ్‌నేమ్. ఇంట్లోవాళ్ళ లెక్కలో అతను వాతావరణ శాఖలో గుమస్తా. ఆ ముసుగు పుణ్యమా అని, పెళ్ళయిన దగ్గర్నుంచీ అత్తవారింట్లో ప్రతివాళ్ళూ "వాన పడుతుందా అల్లుడూ?" అని అడగడం, అతను చెప్పినదానికి సరిగ్గా ఎదురు జరగడం, అందరూ నవ్వడం. కదిలే రైలు మీంచి దూకి శత్రు ఏజెంట్‌ని పట్టుకున్న మనిషి, ఆరేసిన బట్టలు తడిసిపోయాయని అత్తగారి చేత మాట పడ్డాడు. నోరు విప్పి చెప్పుకునే వీలు లేదు.

చీఫ్ పట్టకారుతో పప్పుబద్దంత నల్లటి ముక్కని పైకెత్తాడు. "మైక్, ట్రాన్స్‌మిటర్, రెండూ ఇందులోనే. ఈ మూడూ మన వాణిజ్య శాఖ ఆఫీసర్లవి. మూడూ ఒకటే మోడల్. సిల్వర్ ఫోర్టీన్."

ఆ పేరు వినగానే పిచ్చుకకి ఒళ్ళు భగ్గుమంది. కారణం దేశభద్రత కాదు.

"మూడూ ఎవరో విదేశం నుంచి వస్తూ పట్టుకొచ్చినవే. ఎందుకు?"

"అక్కడ చౌక కనుక సార్."

"ఎందుకు చౌక?"

"అదే సార్ నాకూ అర్థం కానిది! ఒకే కంపెనీ, ఒకే ఫ్యాక్టరీ, ఒకే డబ్బా!" పిచ్చుక గొంతు అతనికి తెలియకుండానే లేచింది. "నేను మాత్రం ఇక్కడే కొన్నాను. బోర్డు మీద రాసిన ధరకి."

చీఫ్ జాలిగా చూశాడు. "డబ్బా ఒకటే. కానీ ఓడ దిగగానే దిగుమతి సుంకం. సుంకం కలిపిన మొత్తం మీద మళ్ళీ పన్ను. అక్కడి షాపుల్లో పన్ను కలపకుండా ధర రాస్తారు, మనం కలిపి రాస్తాం, దాంతో తేడా ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. రేపు మన డబ్బు విలువ పడిపోతే తనకి నష్టం రాకూడదని కంపెనీ ముందే కొంత వేసుకుంటుంది. ఇక్కడ అమ్ముడయ్యేవి తక్కువ కనుక మధ్యవాళ్ళు ఒక్కోదాని మీదా గట్టిగా లాగుతారు. ఇవన్నీ పోను ఇంకోటుంది."

"ఏంటి సార్?"

"ఎంత చెప్పినా కొనేవాడు ఉంటాడని వాళ్ళకి తెలుసు."

పిచ్చుక తల దించుకున్నాడు.

"అందుకే మనవాళ్ళు విమానం ఎక్కే ప్రతివాడినీ 'నాకో లాప్‌టాప్ తెచ్చిపెట్టు' అని అడుగుతారు. ఆ ఆశనే శత్రువులు దారిగా చేసుకున్నారు. ఇవాళ నాలుగు గంటలకి వాణిజ్య శాఖ సెక్రటరీగారు తన టీమ్‌తో తలుపులు మూసుకుని కూర్చుంటారు. దిగుమతి సుంకం ఎంతదాకా తగ్గించడానికి మనం ఒప్పుకుంటామో ఆ ఆఖరి అంకె అక్కడ చెప్తారు. అది బయటికి పొక్కితే రేపటి వాణిజ్య చర్చల్లో అవతలి దేశంవాళ్ళు అక్కడే బిగుసుకుని కూర్చుంటారు. మన పని గోవిందా."

"గదిలో లాప్‌టాప్‌లు?"

"ఒక్కటే. సెక్రటరీగారిది. దాన్ని వెల్వెట్ స్వయంగా విప్పి చూసి క్లియరెన్స్ ఇచ్చింది. నేను లోపలుంటాను, ఫోన్లు బయట పెట్టేయాలి. గుమ్మం దగ్గర కాపలా నీది. అంతకంటే ముందు వెల్వెట్‌ని కలువు. ఈ సరుకు మోస్తున్న కొరియర్ ఎవరో తెలిసిందట."

వెల్వెట్ పేరు వింటే సర్వీస్‌లో సగంమంది టై సర్దుకుంటారు. విదేశీ ముఠా నడిపే ట్రేడింగ్ కంపెనీలో పెద్ద హోదాలో ఉంటూ మనకి రహస్యాలు చేరవేసే మనిషి. సెక్రటరీగారి ఆఫీసు ఎదుటి కాఫీ షాపులో, ముదురు ఆకుపచ్చ గౌనులో, కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

పిచ్చుక పక్క టేబుల్ దగ్గర ఆగాడు. "ఈ కుర్చీ ఖాళీయేనా?"

"కుర్చీ ఖాళీయే, కాలు విరిగింది."

కోడ్ సరిపోయింది. అతను కూర్చున్నాడు.

"కొరియర్ ఎవరు?"

ఆమె కప్పులో చెంచా తిప్పుతూ చిన్నగా నవ్వింది. "చెప్తే నీకు బాధ కలుగుతుందేమో. పోయినసారి నువ్వే చెప్పావు గుర్తుందా, మీ ఇంట్లో ఒక మహానుభావుడు ఉన్నాడని? ప్రింటింగ్ మెషీన్ల సేల్స్, నెలకో దేశం, బంగారు ఫ్రేమ్ కళ్ళద్దాలు..."

పిచ్చుకకి బాధ కలగలేదు. నిజం చెప్పాలంటే లోపల బాజాలు మోగాయి.

తోడల్లుడు!

ఈ మంట ఎక్కడిదో చెప్పాలి. భార్య పుట్టినరోజుకి పిచ్చుక సిల్వర్ ఫోర్టీన్ కొనిచ్చాడు. ఆమె దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తిరిగింది. నెల తిరక్కుండా ఆమె అక్క మొగుడు అదే రంగు, అదే మోడల్ తన భార్యకి తెచ్చి, అత్తవారింట్లో అందరి ముందూ తెరిచి పెట్టాడు. "ఫారిన్‌లో మూడోవంతు తక్కువకి కొట్టుకొచ్చాను, తమ్ముడూ! ఎందుకు తొందరపడ్డావు? నాతో ఒక్క మాట అనుండాల్సింది!" మామగారు మురిసిపోయి "తెలివంటే పెద్దల్లుడిదే" అన్నాడు. ఫ్యాను కింద కుర్చీ ఎప్పుడూ పెద్దల్లుడిదే. పిచ్చుకకి గోడవారన ప్లాస్టిక్ స్టూలు. ఆ రాత్రి భార్య కూడా "మా బావ చూడండి, ఎంత చురుకో!" అంది. అప్పటినుంచి అతనికి తిండి సయించలేదు. దాన్ని లోకం అసూయ అంటుంది. పిచ్చుక మాత్రం న్యాయం కోసం తపన అనుకునేవాడు. ఆ తపనే ఒకనాడు వెల్వెట్ దగ్గర కూడా వెళ్ళగక్కాడు.

"ఆయన్ని ఇప్పుడే కనిపెట్టి ఉండాలి," అంది వెల్వెట్. "సాయంత్రం సరుకు దాటించేస్తాడు. గుమ్మం దగ్గర కాపలాకి ఎవరైనా చాలు. తోడల్లుడి గుట్టు తోడల్లుడికే కదా తెలిసేది!"

పిచ్చుక రెండో మాట అడగలేదు. లేచాడు.

అరగంట తర్వాత తోడల్లుడి ఫ్లాట్ కాలింగ్ బెల్ మోగింది. వదినగారు తలుపు తీసింది. ఎదురుగా నీలం యూనిఫారం, పిల్లిమీసం, బుగ్గల్లో దూది, చేతిలో ఖాళీ వాటర్ క్యాన్.

"ఫిల్టర్ సర్వీసింగ్ అమ్మా. ఫ్రీ."

ఫ్రీ అన్నాక ఎవరూ ఐడీ కార్డు అడగరు. నేరుగా వంటగదిలోకి తీసుకెళ్ళింది. చెల్లెలి మొగుడిగా వచ్చినప్పుడు మంచినీళ్ళు అడిగితే ఇచ్చే మనిషి, మెకానిక్‌కి అడక్కుండానే ఇచ్చింది. పిచ్చుక అది కూడా మనసులో రాసుకున్నాడు.

ఫిల్టర్ ఎలా విప్పాలో అతనికి తెలీదు. కుళాయి తిప్పి క్యాన్ నింపుతూ, తలుపు సందులోంచి హాల్లోకి చూశాడు. సోఫాలో తోడల్లుడు, అదే దర్జా, అదే కళ్ళద్దాలు. ముందు టీపాయ్ మీద ఆ లాప్‌టాప్. మణికట్టుకి కట్టుకున్న, దొంగ మైకుల్ని పసిగట్టే డిటెక్టర్ వాచీ ఎర్రగా వెలగాలని పిచ్చుక దేవుణ్ణి మొక్కుకున్నాడు. వాచీ వెలగలేదు. రెండుసార్లు తట్టాడు. ఊహూఁ.

"ఈ నెల వాయిదా కూడా కట్టలేదట. బ్యాంకువాళ్ళు ఫోన్ చేశారు," వదినగారి గొంతు పదునుగా వినిపించింది.

"మెల్లగా! లోపల ఆ మనిషి ఉన్నాడు."

"మెకానిక్‌కేం తెలుస్తుందిలెండి. పక్కవీధి షాపులో నిండు ధర పోసి కొనడమెందుకు, ఫారిన్‌లో కొన్నానని కోతలెందుకు?"

"ఎందుకా? చెల్లెలికి మొగుడు లాప్‌టాప్ కొనిచ్చాడని వారం రోజులు మూతి ముడుచుకున్నదెవరు? ఆ వాన గుమస్తా ధర కూడా అడక్కుండా పెళ్ళానికి కొనిచ్చేశాడు! నేనేమో ఇన్ని దేశాలు తిరిగి సబ్బులు పట్టుకొస్తున్నానని మీ నాన్న నవ్వలేదూ? వాడిలా ఒక్కసారైనా దర్జాగా ఇవ్వాలనిపించింది. నిండు ధరకి కొంటే నేనూ వాడూ ఒకటే అయిపోతాం కదా, అందుకని..." తోడల్లుడి గొంతు దిగిపోయింది. "వాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుందే."

వంటగదిలో క్యాన్ నిండి పొంగిపోతోంది. పిచ్చుకకి ఆ ధ్యాస లేదు. ఇన్నాళ్ళూ తాను ఎవరిని చూసి కుళ్ళిపోయాడో ఆ మనిషి తనని చూసి కుళ్ళిపోతున్నాడు! ఆ మాట చెవిన పడ్డాక కలిగిన చల్లదనం ముందు ఏ పతకమైనా దిగదుడుపే.

ఆ చల్లదనంలో కళ్ళు కూడా తేటపడ్డాయి. అప్పుడు చూశాడు ఛార్జర్ని. మూడు పిన్నుల ప్లగ్, నేరుగా గోడలోని మూడు కన్నాల సాకెట్‌లో ఉంది. చీఫ్ బల్ల మీద మూడింటి ఛార్జర్లకీ రెండు పిన్నులే, మన సాకెట్లలో పట్టడానికి ఒక్కోదానికీ ఒక అడాప్టర్. ఈ లాప్‌టాప్ అత్తవారింట్లోనూ ఇలాగే గోడకి నేరుగా పెట్టారు. రెండు గజాల దూరంలో స్టూలు మీద కూర్చుని కూడా తాను చూడలేదు. ఓర్వలేనితనంతో ఆ పూటంతా ధర గురించే ఆలోచించాడు.

లాప్‌టాప్ ఇక్కడిదే. తోడల్లుడు కొరియర్ కాదు. అయితే వెల్వెట్ చెప్పింది అబద్ధం. కొరియర్ విషయంలో అబద్ధమాడిన మనిషి, సెక్రటరీగారి లాప్‌టాప్‌కి ఇచ్చిన క్లియరెన్స్?

గుమ్మం దగ్గర్నుంచి తనని, తన వాచీని తప్పించడానికే ఈ నాటకం! ఎర కూడా తానే చేతికిచ్చాడు.

"అయిపోయిందమ్మా!" అని అరిచి, నిండు క్యాన్‌తోనే పరుగెత్తాడు.

చీఫ్ ఫోన్ స్విచాఫ్. ఎర్ర లైట్లన్నీ ఆ సాయంత్రం పిచ్చుక దారిలోనే వెలిగాయి. నాలుగు దాటింది. ఆఫీసు గేటు దగ్గర గార్డు అడ్డంపడ్డాడు.

"ఎక్కడికి?"

"మీటింగ్ రూములో మంచినీళ్ళు అయిపోయాయట. సెక్రటరీగారు కేకలేస్తున్నారు."

సెక్రటరీగారు కేకలేయని రోజు లేదు కనుక గార్డు నమ్మాడు. పిచ్చుక మెట్లన్నీ రెండేసి చొప్పున ఎక్కి తలుపు తోశాడు. పొడవాటి బల్ల, చుట్టూ ఆఫీసర్లు, చివర చీఫ్. సెక్రటరీగారి ముందు తెరిచిన సిల్వర్ ఫోర్టీన్. దాని ఛార్జర్‌కి తెల్లటి అడాప్టర్.

"కాబట్టి, మనం ఒప్పుకోగల ఆఖరి అంకె..." సెక్రటరీగారు గొంతు సవరించుకున్నాడు.

పిచ్చుక ఇక ఆలోచించలేదు. మూత తీసి, క్యాన్ మొత్తం లాప్‌టాప్ మీద కుమ్మరించాడు.

బుస్సుమంది. పొగ లేచింది. సెక్రటరీగారు తడిసిన చొక్కాతో లేచి నిలబడి కేక పెట్టాడు. "నా లాప్‌టాప్! ఎంత చౌకగా వచ్చిందో తెలుసా నీకు!"

"తెలుసు సార్. అందుకే." పిచ్చుక మీసం పీకేసి చీఫ్ వైపు తిరిగాడు. "కిటికీలోంచి చూడండి సార్. ఎదుటి కాఫీ షాపు."

ఆకుపచ్చ గౌను మనిషి చెవిలోంచి ఇయర్‌పీస్ లాగి పారేసి హ్యాండ్‌బ్యాగ్ అందుకుంటోంది. ఆమె గుమ్మం దాటేలోపు చీఫ్ మనుషులు రెండు వైపులా నిలబడ్డారు. సెక్రటరీగారి లాప్‌టాప్ పొట్ట కోస్తే పప్పుబద్ద బయటపడింది.

జీపు ఎక్కించేముందు వెల్వెట్ ఆగింది. "ఎక్కడ తప్పు చేశాను?"

"మా అన్నయ్యగారు నువ్వు అనుకున్నంత తెలివైనవాడు కాదు."

"ఆయన గురించి నాకెందుకు? నీ కళ్ళలో మంట చూశాను. దాంతో నిన్ను ఎటు కావాలంటే అటు నడిపించొచ్చు అనుకున్నాను." ఆమె నవ్వింది. "నడిచావు కూడా."

ఆమె అన్నది నిజం.

ఆదివారం అత్తవారింట్లో భోజనాలయ్యాయి. ఫ్యాను కింద కుర్చీలో పెద్దల్లుడు, గోడవారన స్టూలు మీద పిచ్చుక. మామగారు చెయ్యి తుడుచుకుంటూ అన్నాడు.

"పెద్దల్లుడూ, నాకూ అలాంటిదే ఒకటి తెచ్చిపెట్టవయ్యా. నీకు పడిన ధరకే. డబ్బు ఇప్పుడే ఇచ్చేస్తాను."

బంగారు ఫ్రేమ్ వెనక కళ్ళు గుండ్రంగా తిరిగాయి. తెస్తానంటే తేడా జేబులోంచి పోతుంది, తేనంటే పరువు పోతుంది. ఆ మొహం చూడాలని పిచ్చుక ఎన్ని నెలలు ఎదురుచూశాడు! తీరా చూశాక, వాయిదా సంగతి గుర్తొచ్చి, జాలేసింది. జీవితంలో మొదటిసారి తోడల్లుణ్ణి ఒడ్డున పడేద్దామనుకున్నాడు.

"వద్దు మావయ్యగారూ. బయట్నుంచి తెచ్చినవి మంచివి కావట. ఆఫీసులో అనుకుంటున్నారు."

"వానల ఆఫీసులో లాప్‌టాప్‌ల గురించి కూడా చెప్తారా?" మామగారి మాటకి అందరూ గొల్లుమన్నారు. ఆయన తల ఊపాడు. "పెద్దవాణ్ణి నేను తెమ్మంటుంటే ఓర్వలేకపోతున్నావు. అంత అసూయ పనికిరాదు, అల్లుడూ."

పెద్దల్లుడు ఊపిరి పీల్చుకున్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కాలు మీద కాలేసుకుని, "పోనీలెండి మావయ్యగారూ, చిన్నవాడు. అందరికీ నాలా బేరం చేతకావాలని ఎక్కడుంది?" అన్నాడు.

పిచ్చుక స్టూలు ముందుకి జరుపుకున్నాడు. చాలా వినయంగా అడిగాడు.

"మీరు చెప్పిందే రైటు అన్నయ్యగారూ. అయితే మావయ్యగారితోపాటు నాకూ ఒకటి తెండి. అదే ధరకి."

పెద్దల్లుడి నుదురంతా చెమట పట్టింది.

"ఇదేంటి, ఫ్యాను కిందే ఉన్నా అబ్బాయికి ఇంత చెమట!" అత్తగారు కంగారుపడి పిచ్చుక వైపు తిరిగింది. "ఎందుకింత ఉక్కగా ఉంది నాయనా? మీ ఆఫీసువాళ్ళేమన్నారు?"

"అల్పపీడనం అత్తయ్యగారూ," అన్నాడు పిచ్చుక. "ఈసారి మా లెక్క తప్పదు. సరిగ్గా ఆ కుర్చీలోనే కేంద్రీకృతమై ఉంది."