ఊరుకున్న ఏడుపు

ఎస్సై యామినికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను డ్యూటీలో ఉండగా ఇంట్లో పసివాడు ఏడ్చి ఏడ్చి, ఎవరూ ఎత్తుకోకుండానే ఊరుకోవడం.

అందుకే ఆ గదిలో అడుగుపెట్టగానే ఆమె చూపు ముందు ఉయ్యాల మీదికే పోయింది.

జగ్గయ్యపేట బజారు వెనక వీధి. కిరాణా హోల్‌సేల్ వ్యాపారి భవానీప్రసాద్ ఇంటి మేడగది. చీరతో కట్టిన ఉయ్యాల ఖాళీ. స్టవ్ మీద పాలు విరిగి ముక్కు అదిరే వాసన. తల్లి లేదు. నాలుగు నెలల పాపా లేదు.

తల్లి పేరు రిహాబ్. సూడాన్ అమ్మాయి. నందిగామకు ఫార్మసీ చదవడానికి వచ్చింది. చదువు నడుస్తుండగానే అక్కడ యుద్ధం ముదిరింది. తన తల్లిని తీసుకొస్తానని సూడాన్ వెళ్లిన భర్త తిరిగి రాలేదు. యుద్ధం ఉన్నన్నాళ్లూ వెనక్కి పంపకుండా, ఆర్నెల్లకోసారి పొడిగించే తాత్కాలిక అనుమతి మీద ఇక్కడే, ఈ గదిలో అద్దెకు ఉంటోంది.

ఈసారీ అనుమతి వచ్చింది. కానీ ఈ సాయంత్రం ఐదులోపు తనే విజయవాడ ఆఫీసుకు వెళ్లి వేలిముద్ర వేయాలి. వేయకపోతే రద్దు. ఆ తర్వాత దొరికినా ఆమెను పంపేది ఆ తుపాకుల మధ్యకే.

టైమ్ 11.20.

"ఈ కబురు చెప్దామనే మొన్న వచ్చా మేడం," అన్నాడు కానిస్టేబుల్ క్రాంతికుమార్. "లేదన్నారు. నిన్నా లేదన్నారు."

"యూనిఫాంలోనే వచ్చావా?"

"డ్యూటీ కదండీ మరి."

రిహాబ్ కనబడటం లేదని కంప్లైంట్ ఇచ్చిన క్లాస్‌మేట్ నిఖిత గొంతు తగ్గించింది. "అక్కడ వాళ్లాయన్ని యూనిఫాం వాళ్లే తలుపు కొట్టి పట్టుకుపోయారటండీ. తను ఫోన్లో విందట."

యామిని కిందికి దిగింది. ఇంటావిడ భారతీదేవి వంటగది గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"ఎప్పుడెళ్లింది?"

"మొన్ననండి."

"ఎటు?"

"వేదాద్రి గుడికన్నదండి."

"గుడికేంటే?" భవానీప్రసాద్ కొట్లోంచి కేకేశాడు. "పరిటాల వెళ్లిందని చెప్దామనుకున్నాంగా!"

"మీరు నోరు మూసుకుని బేరం చూసుకోండి!"

"చూసారా మేడం. ముప్ఫై ఏళ్లుగా నా బతుకిదేనండి."

నిఖిత నవ్వబోయింది. అప్పుడే ఎక్కడో పసిగొంతు ఒక్కసారి ఏడ్చింది. సగంలోనే ఆగిపోయింది.

"ఏంటది?"

"పిల్లి కూనండి. పిల్లి బస్తాల్లో ఈనింది."

యామిని భారతీదేవిని తప్పించుకుని వంటగదిలోకి నడిచింది. గట్టు మీద సానరాయి తడిగా ఉంది.

"ఇదేంటి?"

"గంధమండి. పూజకి."

క్రాంతికుమార్ తలూపి రాసుకున్నాడు. యామిని వేలితో తీసి వాసన చూసింది. గోడ మీది దేవుడి పటాల వంక చూసింది.

"క్రాంతీ, నువ్వెళ్లి సందు చివర ఉండు. నిఖితా, నీ చున్నీ ఇలా ఇవ్వు." ఖాకీ చొక్కా మీదుగా చున్నీ కప్పుకుంది. "అమ్మగారూ, ఇది గంధం కాదు. వసకొమ్ము. రోజూ పొద్దున నేనూ అరగదీసి మా వాడి నాలిక్కి రాసొస్తున్నా. గంధమే అయితే దేవుడి పటాలకు తడి బొట్లుండాలి. అన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఈ పొద్దున ఈ ఇంట్లో ఓ పసిబిడ్డకు వస రాసారు. ఎక్కడ దాచారు?"

భారతీదేవి కూలబడిపోయింది. "మాటలు రావద్దాండీ దానికి? ఏ దేశపు బిడ్డైనా..."

"ఎందుకు దాచారు?"

"ఖాకీ కనబడితే ముందు లేదనడం మాకలవాటండి. టాక్సువాళ్లొచ్చినా అంతే. షట్టర్ దించి, ఆయన ఊళ్లో లేరంటాం. ఆ కానిస్టేబులబ్బాయి వచ్చి, రిహాబ్ ఏదీ అన్నాడు. లేదన్నా. ఎందుకని నేనడగలేదు, ఆ అబ్బాయీ చెప్పలేదు."

ఆమె చూపించిన గోడౌన్‌లో బియ్యం బస్తాల వెనక చీకటి. ఆ మూల రిహాబ్ ముడుచుకుని కూర్చుని ఉంది. అరచెయ్యి పాప నోటి మీద. కళ్లు తలుపు మీద.

పాప కాళ్లు ఆడడం లేదు.

"చెయ్యి తియ్యి తల్లీ," అంది యామిని, నేల మీద కూర్చుంటూ. "ఊపిరాడదు."

రిహాబ్ తీయలేదు.

"నిన్ను పంపించరు. ఉండమన్నారు. నా మాట విను, తియ్యమ్మా."

వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. ఏమీ వినిపించలేదు. యామిని పాపను లాక్కుని వీపు నిమిరింది. మళ్లీ నిమిరింది. అప్పుడు ఏడ్చింది పాప, ఇల్లెగిరిపోయేలా. ఆ ఏడుపు విని భవానీప్రసాద్ కొట్లోనే బావురుమన్నాడు.

టైమ్ 3.50. విజయవాడ ఆఫీసులో రిహాబ్ వేలిముద్ర వేసింది. బయటికొచ్చి, వచ్చీరాని తెలుగులో అడిగింది.

"ఆర్నెల్లు అయ్యాక?"



ఆ ఆర్నెల్లు ఈ నెలతో నిండుతున్నాయి. యామిని రెండుసార్లు ఆ సందు మొగదాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. మామూలు చీర కట్టుకున్నా రిహాబ్‌కు తనది పోలీసు ముఖమే. కనబడితే చాలు, ఆ చెయ్యి మళ్లీ పాప నోటి మీదికి పోతుంది.

మీలో ఎవరైనా జగ్గయ్యపేట వెళ్తే, దయచేసి బజారు వెనక ఆ మేడ కింద కాసేపు నిలబడండి. పాప గొంతు వినిపిస్తుందేమో చూడండి. వినిపించకపోతే మాత్రం వచ్చేయకండి. పైకెళ్లండి.