ఆ నిమిషం బాకీ

శనివారం పొద్దున్నే పొయ్యి మీద ఇడ్లీ పాత్ర పెట్టిందన్నమాటే గానీ, కిరణ్మయి మనసంతా గుమ్మం దగ్గరే ఉంది. అక్కడ తాళం వేసిన పెట్టె, పక్కనే కోటు తొడుక్కుని నిలబడ్డ డెబ్బై నాలుగేళ్ళ హలీనా.

యుద్ధం మొదలైన ఏడాది హలీనా, కూతురు ఒక్సానా, మనవరాలు దరీనా యుక్రెయిన్ నుంచి ఇంగ్లండ్ వచ్చి వాట్‌ఫర్డ్‌లో కిరణ్మయి వాళ్ళింటి మేడగదిలో దిగారు. ఆర్నెల్లకని వచ్చినవాళ్ళు ఇంటిమనుషులే అయిపోయారు. షాపుకెళ్తున్నా సరే, 'వెళ్ళొస్తా' అనకుండా కిరణ్మయి ముగ్గురినీ గడప దాటనిచ్చేది కాదు. యుక్రెయిన్‌లోనే ఉండిపోయిన హలీనా భర్త మొన్న చలికాలంలో పోయాడు. ఆయన సమాధి చూసి తీరాలని ఆవిడ పట్టుబట్టింది. వద్దంటే వద్దని ఒక్సానా వారంనుంచీ తల్లితో మాటలు మానేసింది.

"టాక్సీ వచ్చేస్తోంది. మీ అమ్మని కిందికి రమ్మనవే" అంది కిరణ్మయి దరీనాతో.

ఒక్సానా వచ్చింది గానీ మెట్ల దగ్గరే ఆగిపోయింది. హలీనా పెట్టె మీద కూర్చుని ఏదో అంది.

"అందరూ కూర్చోవాలంట ఆంటీ. ప్రయాణానికి ముందు ఇంట్లోవాళ్ళంతా ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చోవాలి. అప్పటిదాకా అమ్మమ్మ కదలదు" అని దరీనా ఇంగ్లీషులో చెప్పింది.

ఎవరైనా తుమ్మితే కూర్చుని మంచినీళ్ళు తాగి బయల్దేరే ఇంట్లో పెరిగిన కిరణ్మయికి ఇదేం వింత? చప్పున కింది మెట్టు మీద కూలబడింది. దరీనా పక్కన చేరింది.

"నేను కూర్చోను" అంది ఒక్సానా.

"అదేంటమ్మాయ్, పెద్దావిడ అడుగుతుంటే..."

"కూర్చుంటే వెళ్ళిపోతుంది కిరణ్! బాంబులు పడేచోటికి అమ్మని ఎవరైనా పంపుతారా? బతికున్న మాకంటే ఆ మట్టే ఎక్కువైందా ఆవిడకి?"

హలీనాకి కోపం రాలేదు. మెల్లగా చెప్పుకొచ్చింది. దరీనా కిరణ్మయికి తిప్పి చెప్పింది.

"మేం ఊరు వదిలిన రోజు తాతయ్య కూర్చుని వెళ్ళమన్నాడట. రైలు తప్పిపోతుందని అమ్మ లాక్కొచ్చేసిందట. వెనక్కి తిరిగి చూస్తే తాతయ్య ఒక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నాడట. ఆ నిమిషం ఆయన సమాధి పక్కన కూర్చుని వచ్చేస్తానంటోంది అమ్మమ్మ."

ఒక్సానా మొహం తెల్లగా పాలిపోయింది. "నేనే... నేనే లాక్కొచ్చాను" అంది.

హలీనా చెయ్యి చాచి ఏదో అంది. మళ్ళీ దరీనాయే కిరణ్మయికి తిప్పి చెప్పాల్సి వచ్చింది. "నువ్వు లాక్కొచ్చావు కాబట్టే ఈ పిల్ల బతికుంది అంటోంది."

అంతే! ఒక్సానా భోరుమని ఏడుస్తూ వచ్చి ఆ పెట్టె మీదే తల్లి పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఎవరూ మాట్లాడలేదు. బయట టాక్సీ హారన్ మోగినా కిరణ్మయి లేవలేదు.

నిమిషమయ్యాక హలీనా లేచింది. పెట్టె ఒక్సానా అందుకుంది. గడప దగ్గర తల్లి చెయ్యి పట్టుకుని ఆపేసి, కిరణ్మయి వైపు చూపిస్తూ వాళ్ళ భాషలో ఏదో బతిమాలింది.

హలీనాకి అర్థమైంది. కూతురి కన్నీళ్ళు తుడిచి, నోరు తిరక్కపోయినా తెలుగులో అంది.

"వెల్లొస్తా."